ముందు తోకలు లెక్కపెట్టండి
ఏటిగట్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో చేప నీటి పైకొచ్చి పురుగుని అందుకోవడం గురించి రాస్తూ మేఫ్లై అనే పురుగు పేరు ఎత్తాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. కొందరు ఫొటోలు కూడా పంపారు. వాటిలో చాలావరకు దోమలు, ఒకటి చిమ్మట. ఫర్వాలేదు, ఎవరికైనా మొదలు అలాగే ఉంటుంది. పులస రేటు ఎప్పుడు దిగుతుందని అడిగినవాళ్ళు మాత్రం నన్ను వదిలెయ్యండి.

ప్రశ్న: మేష్టారండీ, మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఉద్యోగం. పోయిన వేసవిలో మమ్మల్ని తీసుకెళ్ళాడు. శనివారం వస్తే చాలు, నన్ను ఏటికి లాక్కుపోయేవాడు. ఈకలూ దారాలూ చుట్టిన హుక్కుతో ట్రౌట్ చేపలు పడతాడు. నీటి మీద ఏదో ఒక పురుగు లేవగానే ‘నాన్నా, ఇది సల్ఫర్, అది మార్చ్ బ్రౌన్’ అంటాడు. నాకు అన్నీ ఒక్కలాగే కనపడ్డాయి. చిన్నప్పట్నుంచీ గాలం వేసిన మనిషిని, సిగ్గేసింది. ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్తున్నాం. ఒక పుస్తకం తెరిచి లాటిన్ పేర్లు చూసి మూసేశాను. ఎలా గుర్తుపట్టాలి? (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: సిగ్గెందుకండీ, మన చేప వేరు, వాళ్ళ చేప వేరు. మనం ముల్లుకి వానపాము గుచ్చి బెండు వదిలితే జెల్ల వాసన పట్టుకుని వస్తుంది. ట్రౌట్ కంటితో చూసి వస్తుంది. ఆ పూట ఏటి మీద ఏ పురుగు ఎక్కువగా తేలుతుంటే దానికే నోరు తెరుస్తుంది, పక్కనుంచి ఇంకోటి పోతున్నా తిరిగి చూడదు. మీ అబ్బాయి హడావుడంతా అందుకే.

పుస్తకం మూసెయ్యడం మంచిపనే. పేరు ఆఖరికి దానంతట అదే వస్తుంది. ముందు అది మేఫ్లై అవునో కాదో తేల్చుకోండి. వాలినప్పుడు రెక్కల్ని వీపు మీద నిటారుగా, ఒకదానికొకటి ఆనించి నిలబెడుతుంది. వెనక సన్నటి పొడుగాటి తోకలు, రెండో మూడో ఉంటాయి. మీసాలు ఉన్నాయా అన్నంత పొట్టి. అలా కాకుండా రెక్కల్ని పాక కప్పులా రెండు పక్కలకీ వాల్చి, పొడుగు మీసాలుండి, తోక లేకపోతే దాన్ని కాడిస్ అంటారు. రెక్కల్ని వీపు మీద బల్లపరుపుగా పరిస్తే స్టోన్‌ఫ్లై. దానికీ రెండు తోకలుంటాయి, కాబట్టి తోక చూసి మోసపోకండి. దోమలా ఉండి రెండే రెక్కలు, తోక లేదంటే మిడ్జ్.

మేఫ్లై అని తేలాక దాని వయసు చూడాలి. నన్నడిగితే అసలు విషయం ఇదే. దీని పిల్ల నీటి అడుగున నెలల తరబడి పెరుగుతుంది. ఒకరోజు పైకి తేలి, చర్మం చీల్చుకుని రెక్కలతో బయటికొస్తుంది. దాన్ని డన్ అంటారు. రెక్కలు మసగ్గా ఉంటాయి, అవతల ఉన్నది కనపడదు. రెక్క వెనక అంచున భూతద్దంలో చూస్తే సన్నటి నూగు ఉంటుంది. డన్ ఎగిరిపోయి ఏ ఆకు కిందో కూర్చుని, కొన్ని గంటలకో మర్నాటికో ఇంకోసారి చర్మం విడుస్తుంది. ఇప్పుడది స్పిన్నర్. రెక్కలు తేటగా మెరుస్తాయి, ఒళ్ళు నిగనిగలాడుతుంది, తోకలు ఇంకా పొడుగవుతాయి. ఎగరగలిగే రెక్కలొచ్చాక మళ్ళీ చర్మం విడిచే పురుగు జాతి ప్రపంచంలో ఇదొక్కటే.

చేపకి దీనితో ఏం పని అంటారా? డన్ నీటి మీద రెక్కలు నిలబెట్టి తేలుతూ పోతుంది. గుడ్లు పెట్టి ఓపిక అయిపోయిన స్పిన్నర్ రెక్కలు రెండు పక్కలా చాపుకుని నీటికి అతుక్కుపోతుంది. కింద నుంచి చూసే చేపకి ఆ రెండూ వేర్వేరు తిండి. పేరు కరెక్టుగా చెప్పి వయసు తప్పు చెప్పారనుకోండి, సాయంత్రం దాకా చెయ్యి నొప్పే మిగులుతుంది. పేరు తెలియకపోయినా వయసు, సైజు పట్టుకుంటే చేప పడుతుంది. నా మాట మీద నమ్మకం లేకపోతే మీ అబ్బాయి పెట్టె తెరిచి చూడండి, అందులో ఆడమ్స్ అనే బూడిదరంగు ఫ్లై (ఈకలూ దారాలూ చుట్టి కట్టిన ఉత్తుత్తి పురుగు) ఉండి తీరుతుంది. 1922లో మిషిగన్‌లో లెనర్డ్ హాలడే అనే ఆయన కట్టాడు. అది ఫలానా మేఫ్లైకి నకలేం కాదు, బూడిదరంగు మేఫ్లై ఏదైనా అలాగే ఉంటుంది అన్నంత వరకే. నూరేళ్ళు దాటినా ట్రౌట్‌లు దానికి పడుతూనే ఉన్నాయి.

ఇక తోకలు. పురుగుని రెక్కలు మూసి పట్టుకుని మొదలు దగ్గర లెక్కపెట్టండి, చివర కాదు. తోకలు ఊరికే విరిగిపోతాయి, మొదట్లో మొండి మాత్రం మిగులుతుంది. తర్వాత ముందు రెక్క వెనక చిన్న వెనక రెక్క ఉందేమో చూడండి. కొన్నిటికి స్పష్టంగా ఉంటుంది, కొన్నిటికి చుక్కంత, కొన్నిటికి అసలు ఉండదు. తోకలు వదిలేసి ఒంటి పొడవు కొలవండి. రంగు అందరూ మొదట చూస్తారు. నేను ఆఖర్న చూస్తాను. ఒకే పురుగులో ఆడదాని రంగు వేరు, మగదాని రంగు వేరు. పొద్దున లేచిన డన్ మధ్యాహ్నానికి నల్లబడుతుంది. ఏరు మారితే రంగు కూడా కొంచెం మారుతుంది.

మీరు ఏప్రిల్‌లో దిగుతున్నారు కాబట్టి మొదట కనపడేవి రెండు చిన్న బూడిదరంగువి. రెండిటికీ దాదాపు 18 నంబరు హుక్కు. (హుక్కు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి.) మూడు తోకలుంటే బ్లూ క్విల్. రెండు తోకలు, వెనక రెక్క చుక్కంత ఉంటే బ్లూ వింగ్డ్ ఆలివ్, మబ్బు పట్టిన రోజున ఇది జోరుగా లేస్తుంది. ఏప్రిల్ చివరికొచ్చేసరికి హెండ్రిక్సన్ మొదలవుతుంది. 14 నంబరు, మూడు తోకలు, బూడిద రెక్క, మధ్యాహ్నం భోజనాలయ్యాక లేస్తుంది. మగది ఎర్ర గోధుమరంగు, ఆడది కాస్త గులాబీ కలిసిన లేత రంగు. రంగు పట్టుకుని వెళ్తే దీన్ని రెండు పురుగులు అనుకుంటారు. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక: కళ్ళు తలంతా ఆక్రమించి ఉంటాయి, ముందు కాళ్ళు బాగా పొడుగు, ఒంటి చివర చిన్న కొక్కేల్లాంటివి రెండు. హెండ్రిక్సన్ అంటే పురుగు పేరు కాదండోయ్, మనిషి పేరు. రాయ్ స్టీన్‌రాడ్ అనే ఆయన ఈ ఫ్లై కట్టి, తనతో చేపలు పట్టే స్నేహితుడి పేరు పెట్టాడు.

మే నడిమికి మీ అబ్బాయి చెప్పిన రెండూ వస్తాయి. మార్చ్ బ్రౌన్ పెద్దది, 10 లేక 12 నంబరు, రెక్కల నిండా మచ్చలు, రెండే తోకలు. పేరులో మార్చి ఉన్నా అక్కడ అది మేలోనే వస్తుంది. సల్ఫర్ చిన్నది, 16 నంబరు, పచ్చటి ఒళ్ళు, మూడు తోకలు, పొద్దు వాలే వేళకి. మే ఆఖర్లో గ్రీన్ డ్రేక్ వస్తుంది. పెన్స్ క్రీక్ అనే ఏటి దగ్గర ఆ వారం రోజులూ మన కోటిపల్లి రేవులో శివరాత్రి జనంలా ఉంటుందట. ఇదీ మచ్చల రెక్కలదే, మార్చ్ బ్రౌన్ కన్నా పెద్దది, మూడు తోకలు. మచ్చల్ని చూసి తికమక పడకండి, తోకలు లెక్కపెట్టండి. ముదురు రంగుది ఒకటుంది, ఐసోనికియా అంటారు. దానికి ముందు కాళ్ళు నల్లగా, మిగతా నాలుగూ తెల్లగా ఉంటాయి. అంత సుళువైన ఆనవాలు ఇంకే మేఫ్లైకీ లేదు. జూలై దాకా ఉంటే పొద్దున్నే లేచే ట్రైకో కూడా చూడొచ్చు: నాలుగైదు మిల్లీమీటర్లు కూడా ఉండదు, మూడు తోకలు, వెనక రెక్కే లేదు. మన వయసు కళ్ళకి దాని ఫ్లై ముడెయ్యడం నరకం, ఆ పని అబ్బాయికి వదిలెయ్యండి.

వెళ్ళేటప్పుడు పదింతల భూతద్దం ఒకటి జేబులో వేసుకోండి. కోడలి పర్మిషన్ తీసుకుని టీ వడకట్టే జాలీ ఒకటి పట్టుకెళ్ళండి, నీటి మీద తేలేదాన్ని తియ్యడానికి అంతకన్నా మంచి వల లేదు. ఏటికి చేరగానే రాడ్ విప్పకుండా ముందు వంతెన రెయిలింగుకి ఉన్న సాలెగూళ్ళు చూడండి. నిన్న సాయంత్రం ఏం లేచిందో సాలీడు దాచిపెట్టి ఉంటుంది.

ప్రశ్న: మా కిటికీ అద్దం మీద చిన్న పురుగు ఒకటి, రెక్కలు పైకెత్తుకుని, రెండు తోకలతో. పొద్దున చూశాను. సాయంత్రానికి అదే చోట దాని ఎండిన ఒళ్ళు మాత్రం అద్దానికి అతుక్కుని ఉంది. పక్కనే ఇంకోటి మెరుస్తూ కూర్చుంది. ఒకదాన్నొకటి తినేసిందా? పిల్లల్ని కరుస్తుందేమోనని టెన్షన్. (ఒక గృహిణి, నరసాపురం)

జవాబు: అమ్మా, అవి రెండు కాదు, ఒకటే. పైన రాజోలు వారికి చెప్పిన రెండో చర్మం విడవడం మీ కిటికీలోనే జరిగింది. ఇంకోసారి వాలితే కుర్చీ వేసుకుని చూడండి, ఎక్కువసేపు పట్టదు. అద్దాన్ని కాలి గోళ్ళతో గట్టిగా పట్టుకుంటుంది. మెడ వెనక వీపు మీద నిలువునా గీత పడుతుంది. అందులోంచి వీపు ఉబ్బుతూ పైకొస్తుంది, తర్వాత తల. కాళ్ళు ఒక్కొక్కటే లాక్కుంటుంది. పాత రెక్కల్లోంచి కొత్త రెక్కలు జారి బయటికొస్తుంటే పాతవి ముడుచుకుపోతాయి. ఆఖర్న పొడుగాటి తోకలు, అవి ఊడి రావడానికే కాస్త అవస్థ పడుతుంది. మిగిలిన పొట్టుకి కాళ్ళు, కళ్ళ గుర్తులు, తోకల తొడుగులతో సహా అన్నీ ఉంటాయి. మీరు చూసిన ఎండిన ఒళ్ళు అదే.

కరవదు. కరవడానికి దానికి పనికొచ్చే నోరే లేదు. రెక్కలొచ్చాక మేఫ్లై ఏమీ తినదు. రెండు తోకలన్నారు, వెనక రెక్క కూడా లేకపోతే మీరు చూసింది క్లియాన్ జాతిది అయ్యుంటుంది. నిలవనీటిలో పెరిగే మేఫ్లై ఇది, ఇంటి దగ్గర తొట్టెలో ఉన్నా చాలు. తొట్టెలో చూడండి, పక్కల వెంట ఆకుల్లాంటి మొప్పలతో, చటుక్కున ఈదిపోయే చిన్న పిల్లలుంటాయి. వాటికి మూడు తోకలు! పెద్దయ్యాక రెండే. మేఫ్లై ఒక్క పూట బతుకుతుందని అందరూ అంటారు గానీ క్లియాన్ ఆడది వారం పైన కూడా బతుకుతుంది. గుడ్లని కడుపులోనే పొదిగి, నీటికి తాకించగానే పిల్లలయ్యేలా పెడుతుంది. ఇలాంటివి ఇళ్ళలో రోజుల తరబడి అద్దానికి అతుక్కుని కూర్చునేది అందుకే. ఓసారి కిటికీ తెరిచి పంపెయ్యండి, చీపురు ఎత్తకండి.

ప్రశ్న: తొలకరికి మా వీధి దీపం కింద కుప్పలుగా పడే ఉసిళ్ళూ, మీరు చెప్పే మేఫ్లైలూ ఒకటేనా? అమెరికాలో ఇవి కూడా కుప్పలుగా పడతాయని యూట్యూబులో చూశాను. (డిగ్రీ విద్యార్థి, మండపేట)

జవాబు: కాదు బాబూ. ఉసిళ్ళు రెక్కలొచ్చిన చెదపురుగులు. నాలుగు రెక్కలూ ఒకే సైజు, తోక ఉండదు, దీపం కింద పడగానే రెక్కలు రాల్చి నేల మీద పాకిపోతాయి. మేఫ్లై రెక్కలు రాల్చదు. ఇంకో తేడా, ఉసిళ్ళని వేయించుకు తింటాం, వీటిని మనం తినం. నువ్వు చూసిన వీడియో మిసిసిపీ నది పక్క ఊళ్ళది అయ్యుంటుంది. అక్కడ హెక్సజీనియా అనే పెద్ద మేఫ్లై, రెండు తోకలది, ఒకేసారి లేస్తుంది. 2014 జూలైలో లాక్రాస్ ఊరి దగ్గర లేచిన గుంపు వాతావరణ శాఖ రాడార్ మీద వానమబ్బులా కనపడింది. వంతెనల మీద పేరుకుపోతే మంచు తోసే బండ్లు తెచ్చి తోస్తారు.

మనకి అంత పెద్దవి కాదు, కాలువలు వదిలాక లాకుల దగ్గర దీపాల కింద చూడు. బురద అడుగున్న నీళ్ళలో కేనిస్ అనే చిన్నవి దొరుకుతాయి: తెల్లగా, మూడు తోకలు, వెనక రెక్క లేదు. రాళ్ళ మీద ఉరికే నీటిలో పెరిగే చదునైన తల జాతి కావాలంటే మన డెల్టాలో వెతికి లాభం లేదు, పాపికొండల వైపు వాగులకి పోవాలి.

ప్రశ్న: మా నల్ల కారు గట్టు మీద ఆపితే బానెట్ మీద ఇవి వాలి తోక ఆడిస్తున్నాయి. వేడికి చస్తాయని కూడా తెలీదా? (రావులపాలెం)

జవాబు: గుడ్లు పెడుతున్నాయి. నీటి మీద నుంచి వచ్చే వెలుగు ఒక దిశలో కంపిస్తుంది, మన కంటికి తెలియదు గానీ వాటి కంటికి తెలుస్తుంది. ఆ గుర్తుతోనే నీళ్ళు వెతుక్కుంటాయి. నునుపైన నల్ల బానెట్, తారు రోడ్డు కూడా అలాగే మెరుస్తాయి. హంగరీ శాస్త్రజ్ఞులు దీని మీద బాగా పనిచేశారు. తెల్ల కారు కొనండి, లేదా గట్టు మీద ఆపడం మానండి. రెండోది చవక.

ప్రశ్న: మా రొయ్యల చెరువు దీపాల దగ్గర రాత్రిళ్ళు గుంపులు. మేఫ్లై ఉంటే నీరు బాగున్నట్టే అంటున్నారు, నిజమేనా? (భీమవరం)

జవాబు: మీరు పంపిన ఫొటోలో తోక లేదు, రెండే రెక్కలు, మగదాని మీసం ఈకలా ఉంది. అది మిడ్జ్. చెరువు బురదలో ఉండే ఎర్ర పురుగులు దాని పిల్లలే. అవి ఆక్సిజన్ తక్కువున్నా బతికేస్తాయి కాబట్టి వాటిని చూసి సంబరపడకండి. మేఫ్లైల్లోనూ క్లియాన్, కేనిస్ లాంటివి మురికి నీటికి కొంత ఓర్చుకుంటాయి. బురదలో బొరియ తవ్వే పెద్దవి ఓర్చుకోలేవు. అమెరికాలో ఈరీ సరస్సు పడమటి భాగంలో అడుగున ఆక్సిజన్ పడిపోయి, 1953లో ఒక్క వేసవిలో హెక్సజీనియా తుడిచిపెట్టుకుపోయింది. మురికి అదుపు చేశాక 1990లలో గానీ మళ్ళీ కనపడలేదు. మీ చెరువుకి నీటిలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరే నమ్మండి.

ప్రశ్న: నేనూ ఆన్‌లైన్‌లో ఫ్లై రాడ్ కొన్నాను. మన కాలువల్లో మేఫ్లై కట్టి కొరమీను పట్టొచ్చా? (అమలాపురం)

జవాబు: దండగ. కొరమీను అంత చిన్నదాని కోసం నోరు తెరవదు. గడ్డి అంచున కప్పలా తేలే పెద్ద ఫ్లై వేసి, ఆగి ఆగి లాగు, అప్పుడు చూడు తమాషా. చిన్న ఫ్లైకి పరిగెలు లేస్తాయి, చెయ్యి అలవాటు కావడానికి అవి బాగుంటాయి. గట్టు మీద కొబ్బరి చెట్లున్న చోట వెనక్కి ఊపే ముందు ఓసారి తల తిప్పి చూసుకో, సగం ఫ్లైలు మట్టల్లోనే పోతాయి. మేఫ్లైతో ట్రౌట్ పట్టాలని సరదా ఉంటే చల్లటి నీళ్ళు కావాలి: హిమాచల్‌లో తీర్థన్ లోయ ఉంది. ఫిషరీస్ వాళ్ళ పర్మిట్ తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ట్రౌట్ పట్టనివ్వరు, సంక్రాంతి సెలవులకి టికెట్ బుక్ చెయ్యకు.

ప్రశ్న: పట్టిన మేఫ్లైలని దాచుకోవడం ఎలా? సూది గుచ్చి పెట్టెలో పెడితే పొడి అయిపోతున్నాయి. (జువాలజీ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: సీతాకోకచిలుకలకి సూది, వీటికి స్పిరిట్ సీసా. మూత బిగుతుగా ఉన్న చిన్న గాజు సీసాలో, నూటికి 70, 80 పాళ్ళ ఆల్కహాల్‌లో వెయ్యమ్మా. రంగు నాలుగు రోజుల్లో పోతుంది, కాబట్టి బతికున్నప్పుడే పక్కనుంచి ఫొటో తీసి, కంటి రంగు, రెక్క రంగు రాసుకో. డన్ దొరికితే వెంటనే సీసాలో వెయ్యకు. చిల్లుల మూత డబ్బాలో తడి ఆకు వేసి మర్నాటిదాకా ఉంచితే స్పిన్నర్ అవుతుంది. పేరు తేల్చే పుస్తకాలు చాలావరకు మగ స్పిన్నర్‌ని చూసే రాస్తారు, ఒంటి చివర ఉండే ఆ కొక్కేల ఆకారమే వాటికి ఆధారం. విడిచిన పొట్టు కూడా అదే సీసాలో వెయ్యి. చీటీ మీద తేదీ, ఊరు, కాలువ పేరు, వేళ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పెట్టు. పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది.